పేరా నిర్మాణ బోధన: ఒక చారిత్రక పరిశీలన

వేదాంత కళాశాలలలో పరిశోధనా వ్యాసాలు దిద్దే అధ్యాపకులకు బాగా తెలిసిన సంగతి ఒకటున్నది. విద్యార్థి విషయసేకరణ చేస్తాడు, ఉల్లేఖనాలు పోగుచేస్తాడు, ప్రసంగమైతే ముప్పావుగంట తడబడకుండా చెప్పగలడు. కాని కాగితం మీదికి వచ్చేసరికి రెండు పేజీలు ఒకే పేరాగా సాగిపోతాయి, లేదా ప్రతి వాక్యమూ ఒక పేరాగా విడిపోతుంది. దీనికి మందుగా ఇటీవలి దశాబ్దాలలో ఒక చట్రాన్ని నేర్పుతున్నారు. మొదట చెప్పదలచిన అంశం, తర్వాత దానికి ఆధారం, ఆపైన వివరణ, చివరకు వ్యాసంలోని మిగతా వాదనతో ముడి. ఇంగ్లీషులో ఈ నాలుగు మాటల తొలి అక్షరాలు కలిపి దీనిని ‘పీల్’ అంటారు.

ఇది ఇంగ్లీషు బడుల నుండి వచ్చిన కొత్త పద్ధతి అని కొందరు మెచ్చుకుంటారు, అదే కారణంతో మరికొందరు వద్దంటారు. చరిత్ర చూస్తే ఉభయుల మాటా నిలవదు. ఇది కొత్తదీ కాదు, పూర్తిగా పాశ్చాత్యమూ కాదు. అయితే మన చేతికి అందేసరికి ఇందులో నుండి ఒక ముఖ్యమైన భాగం జారిపోయింది. ఆ భాగమేమిటో, అది ఎక్కడ జారిపోయిందో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గీత మాత్రమే ఉన్న కాలం

గ్రీకు భాషలో ‘పరాగ్రాఫోస్’ అనగా ప్రక్కన గీసిన గీత. పదాల మధ్య ఖాళీ లేకుండా వ్రాసిన చుట్టలలో ఒక మాట ముగిసి మరొకటి మొదలయ్యే చోట, లేక నాటకంలో మాట్లాడే వ్యక్తి మారే చోట, వరుస క్రింద అంచున ఈ చిన్న గీత పెట్టేవారు. అంటే పేరా అనేది మొదట వ్రాసేవాని నిర్మాణం కాదు. బిగ్గరగా చదివేవానికి ఇచ్చిన గుర్తు. హెబ్రీ లేఖనాలలో ‘పెతూహా’, ‘సెతూమా’ అనే రెండు విధాల ఖాళీలు అదే పని చేశాయి. మన తాళపత్ర గ్రంథాలలోనూ వచనం ఆగకుండా సాగేది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో గురువు నోట విన్నవానికే తెలిసేది.

1551లో పారిసు ముద్రాపకుడు రాబర్ట్ ఎస్తియెన్ తన గ్రీకు కొత్త నిబంధనకు వచన సంఖ్యలు చేర్చాడు. ఆ తర్వాత వచ్చిన బైబిళ్లలో ప్రతి వచనమూ కొత్త వరుసలో మొదలవడం అలవాటయింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో వచనాల మధ్య పేరా గుర్తులు ఉన్నవి గాని, కొత్త నిబంధనలో అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం తర్వాత అవి కనిపించవు. 1881లో వచ్చిన సవరించిన ఇంగ్లీషు కొత్త నిబంధన మాత్రం పేరాలుగా అచ్చయింది, వచన సంఖ్యలను అంచుకు జరిపింది. మనం చిన్నప్పటి నుండి చదివిన తెలుగు బైబిలు ప్రతులలో చాలావరకు వచనానికొక వరుసే. ఏకవాక్య పేరాలు వ్రాసే విద్యార్థి ఆ అలవాటును ఏ వ్యాకరణ పుస్తకం నుండీ తెచ్చుకోలేదనీ, రోజూ ధ్యానించే పుటల నుండే తెచ్చుకున్నాడనీ నా అనుమానం.

అంతియొకయ తరగతి గది

గుర్తు పెట్టడం వేరు, కట్టడం నేర్పడం వేరు. కట్టడం నేర్పినవారిలో మనకు పూర్తి పుస్తకం మిగిల్చిన వాడు నాలుగవ శతాబ్దపు అఫ్తోనియస్. అంతియొకయలో బోధించిన లిబానియస్ అనే అన్యమత వక్తృత్వాచార్యునికి ఇతడు శిష్యుడు. యోహాను క్రిసోస్తొమ్ కూడా ఆ లిబానియస్ వద్దనే చదివాడని ఐదవ శతాబ్దపు సంఘ చరిత్రకారులు సోక్రటీసు, సొజొమెన్ వ్రాశారు. అఫ్తోనియస్ పుస్తకం పేరు ‘ప్రోజిమ్నాస్మాటా’, అనగా ప్రారంభ అభ్యాసాలు. కట్టుకథతో మొదలై చట్ట ప్రతిపాదన మీద చర్చతో ముగిసే 14 అభ్యాసాలు ఇందులో ఉన్నవి.

వీటిలో మూడవదైన ‘క్రేయా’ మనకు ముఖ్యం. ఒక ప్రసిద్ధ వ్యక్తి అన్న మాట గాని, చేసిన పని గాని తీసుకొని విద్యార్థి దానిని ఎనిమిది మెట్లలో విస్తరించాలి. ఆ మాట అన్నవానిని ప్రశంసించడం, ఆ మాటను తన మాటలలో తిరిగి చెప్పడం, కారణం, దానికి వ్యతిరేకమైనది నిజమైతే ఏమవుతుందో చూపడం, ఉపమానం, చరిత్ర నుండి ఉదాహరణ, పూర్వుల సాక్ష్యం, క్లుప్తమైన ముగింపు. విద్యను గూర్చి ఐసోక్రటీసుకు ఆపాదించిన ఒక మాటను తీసుకొని అఫ్తోనియస్ స్వయంగా ఈ ఎనిమిది మెట్లూ ఎక్కి చూపించాడు. పిల్లవాడు దానిని చూసి వ్రాయాలి, తర్వాత చూడకుండా వ్రాయాలి.

సువార్తలలోని కొన్ని సంభాషణా ఘట్టాలు ఈ క్రేయా పద్ధతిలో కూర్చబడినవని బర్టన్ మ్యాక్, వెర్నాన్ రాబిన్స్ 1989లో వచ్చిన తమ పుస్తకంలో వాదించారు. ప్రతి ఘట్టానికీ అది సరిపోతుందని నేననుకోను. కాని గ్రీకు బడిలో చదివిన ఎవరైనా ఆ మెట్లను మరచిపోయి వ్రాయడం కష్టమనే మాట కాదనలేనిది. ఆ విద్య విలువ ఆనాటి క్రైస్తవులకు తెలుసు. 362లో జూలియన్ చక్రవర్తి క్రైస్తవులు ఆ గ్రంథాలను బోధించడాన్ని అడ్డుకున్నప్పుడు, ఏథెన్సులో ఆచార్యుడుగా ఉన్న ప్రొహేరెసియస్ పదవి వదులుకున్నాడు. అదే ఏథెన్సులో బాసిల్‌తో కలిసి చదివిన నజియాంజు గ్రెగొరి, జూలియన్‌కు వ్యతిరేకంగా వ్రాసిన ప్రసంగాలలో దీనిని మరచిపోలేదు. వాగ్విద్య అన్యుల సొత్తు కాదని అతని వాదం.

ఎనిమిది మెట్లలో నాలుగవదాన్ని మరొకసారి చూడండి. దీనికి వ్యతిరేకమైనది నిజమైతే ఏమిటి అని విద్యార్థి తప్పక అడగవలసి ఉండేది.

పంచావయవాలు

ఇప్పుడు మన దేశం వైపు చూద్దాం. న్యాయసూత్రాలు ఒక వాదాన్ని ఐదు అవయవాలుగా చెప్పమన్నాయి: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పున్నది. ఎందుకంటే పొగ ఉన్నది. పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో వలె. ఈ కొండ కూడా అటువంటిదే. కాబట్టి దాని మీద నిప్పున్నది. తెలుగువాడని పండితులు చెప్పే అన్నంభట్టు 17వ శతాబ్దంలో ‘తర్కసంగ్రహం’ అనే చిన్న పుస్తకంలో దీనిని బాలురకు అందేలా సంగ్రహించాడు. సంస్కృత పాఠశాలలలో నేటికీ తర్కం దానితోనే మొదలవుతుంది.

ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. తనకు తాను తెలుసుకొనే అనుమానం ‘స్వార్థం’, ఇతరులకు తెలియజెప్పే అనుమానం ‘పరార్థం’. ఐదు అవయవాలూ కావలసింది రెండవదానికే. పొగ చూసి నిప్పుందని తాను గ్రహించడానికి ప్రతిజ్ఞ అక్కరలేదు, నిగమనం అక్కరలేదు. ఎదుటివాడు ఉన్నాడు గనుకనే మొదట ప్రకటించి చివర తిరిగి చెప్పవలసి వస్తున్నది.

1846 నుండి 1861 వరకు కాశీ సంస్కృత కళాశాలకు అధిపతిగా ఉన్న జేమ్స్ బాలంటైన్ దీనిని సరిగా పట్టుకున్నాడు. క్రైస్తవ్యాన్ని హిందూ దర్శనాలతో పోల్చుతూ 1859లో గ్రంథం వ్రాసిన వాడితడే. అరిస్టాటిల్ మూడు వాక్యాలలో ముగించినదాన్ని హిందువులు ఐదింటికి సాగదీశారని ఆక్షేపించే ఐరోపా పండితులకు, ఇది వారి తర్కానికి కాక వక్తృత్వ శాస్త్రానికి చెందిన అమరిక అని అతడు జవాబిచ్చాడు. అనగా ఆలోచించే వరుస వేరు, ఒప్పించే వరుస వేరు. నేడు తరగతిలో నేర్పే పేరా చట్రం పక్కన ఈ ఐదింటినీ పెడితే అంశం ప్రతిజ్ఞకూ, ఆధారం హేతూదాహరణలకూ, వివరణ ఉపనయానికీ, ముడి నిగమనానికీ దాదాపుగా సరిపోతాయి.

మీమాంసకులు మరొక అడుగు వేశారు. వారి ‘అధికరణం’లో విషయం, సంశయం, పూర్వపక్షం, సిద్ధాంతం, సంగతి ఉంటాయి. ప్రత్యర్థి మాటను అతడు ఒప్పుకొనేంత బలంగా చెప్పనిదే సిద్ధాంతం చెప్పే హక్కు లేదు. 13వ శతాబ్దంలో తోమా అక్వినాస్ తన ‘సమ్మా థియొలోజికా’లో ప్రతి ప్రశ్ననూ ఆక్షేపణలతోనే మొదలుపెట్టాడు, ఆ మహాగ్రంథం ప్రారంభకుల కోసమని తొలిపలుకులో వ్రాశాడు కూడా. అంతకు చాలా ముందు పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికలో 6వ అధ్యాయం ఆరంభంలో, 9వ అధ్యాయం మధ్యలో ప్రత్యర్థి నోట ప్రశ్న పెట్టి జవాబు చెప్పడం మనమంతా ఎరిగినదే.

అబర్డీన్ ఆచార్యుడు

ఇంగ్లీషులో వ్రాత నేర్పిన తొలితరం ఆచార్యులలో పాదిరులు తక్కువేమీ కాదు. 1776లో వక్తృత్వ తత్త్వం మీద గ్రంథం వెలువరించిన జార్జ్ క్యాంప్‌బెల్, 1783లో తన ఉపన్యాసాలను అచ్చువేసిన హ్యూ బ్లెయిర్ ఇద్దరూ స్కాట్లాండు సంఘ సేవకులే. అయితే వారు వాక్యం గురించి చెప్పారు, శైలి గురించి చెప్పారు. పేరాకు నియమాలు కట్టలేదు. ఆ పని చేసినవాడు అలెగ్జాండర్ బెయిన్. ఇతడు 1818లో అబర్డీన్‌లో ఒక నేతపనివాని ఇంట పుట్టాడు. 1860లో అక్కడి విశ్వవిద్యాలయంలో తర్కానికీ ఇంగ్లీషుకూ ఆచార్యుడయ్యాడు. ఇంటిలో స్కాట్సు మాట్లాడి, పరీక్ష ఇంగ్లీషులో వ్రాయవలసిన కుర్రవాళ్లకు రచన నేర్పడం అతని వంతయింది. మన విద్యార్థుల స్థితికి ఇది దూరమేమీ కాదు.

1866లో ఇతడు ‘ఇంగ్లిష్ కాంపోజిషన్ అండ్ రెటరిక్’ అనే పుస్తకంలో పేరాకు ఆరు నియమాలు ఇచ్చాడు. ప్రతి వాక్యానికీ ముందు వాక్యంతో సంబంధం స్పష్టంగా ఉండాలి, సమానమైన భావాలకు సమానమైన వాక్య నిర్మాణం ఉండాలి, మొదటి వాక్యం విషయాన్ని సూచించాలి, వరుస చెదరకూడదు, ఏకత్వం ఉండాలి, ముఖ్యమైనదానికీ అనుబంధమైనదానికీ తగిన పాళ్లు ఉండాలి. మూడవ నియమానికి అతడు ఒక మినహాయింపు పెట్టాడు: ఆ వాక్యం కేవలం ఉపోద్ఘాతమని తెలిసిపోతుంటే తప్ప. ఆ తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాలు నియమాన్ని ఉంచి మినహాయింపును వదిలేశాయి.

ఈ పుస్తకానికి నాలుగేళ్ల ముందే, 1862లో, సామినేని ముద్దునరసింహం నాయుడు గారి ‘హితసూచని’ తెలుగులో అచ్చయింది. అందులోని వ్యాసాలకు ఆయన పెట్టిన పేరు ‘ప్రమేయాలు’. అది న్యాయశాస్త్రపు మాట. తెలుగు వ్యాసం పుట్టుకలోనే తర్కం వాసన ఉన్నదని చెప్పడానికి ఆ ఒక్క పేరు చాలు.

అమెరికాలో 1874లో హార్వర్డు తన ప్రవేశ పరీక్షలో ఇంగ్లీషు వ్యాసాన్ని చేర్చింది. వందల జవాబు పత్రాలు వచ్చిపడే చోట పెద్ద వ్యాసాలు దిద్దడం సాధ్యమయ్యే పని కాదు. 1890ల తొలి ఏళ్లలో ఫ్రెడ్ న్యూటన్ స్కాట్, జోసెఫ్ డెన్నీ పేరా రచన మీదనే ఒక పాఠ్యపుస్తకం తెచ్చారు. పేరా అంటే చిన్న వ్యాసమే గనుక అదొక్కటీ నేర్పితే చాలునన్న ఆలోచన దీనితో స్థిరపడింది. ఏకత్వం ఉన్నదా లేదా అన్నది దిద్దేవాడు ఒక్క చూపులో పట్టుకోగలడు. ప్రత్యర్థి మాట మధ్యలో వస్తే ఆ ఏకత్వం చెడినట్టు కనిపిస్తుంది. పూర్వపక్షం జారిపోయింది ఇక్కడే. ఎవరో కావాలని తీసివేశారని నేననను. పరీక్ష గదిలో దానికి చోటు లేకపోయింది.

పూర్వపక్షంతో ఒక పేరా

తేడా కనబడాలంటే పైన చెప్పిన విషయం మీదనే ఒక పేరా కట్టి చూద్దాం. చట్రం ప్రకారం విద్యార్థి ఇలా వ్రాస్తాడు: “కింగ్ జేమ్స్ బైబిలులోని పేరా గుర్తులు వ్యాఖ్యానానికి ఆధారం కాలేవు. అవి అచ్చు ప్రతిని సిద్ధం చేసినవారు పెట్టినవి. కొత్త నిబంధనలో అపొస్తలుల కార్యములు 20 తర్వాత అవి కనిపించకపోవడమే ఇందుకు నిదర్శనం. కాబట్టి ఒక వాక్యభాగం ఎక్కడ మొదలవుతుందో వ్యాఖ్యాత భావాన్ని బట్టి తేల్చుకోవాలి.” నాలుగు భాగాలూ ఉన్నవి. మార్కులు వస్తాయి.

ఇప్పుడు మూడవ వాక్యం తర్వాత ఒకరు అడ్డుతగిలారనుకోండి: విభజనలన్నీ ముద్రాపకులవే అంటావా? 1947లో కుమ్రాను గుహలలో మొదట దొరికిన చుట్టలలో ఒకటైన యెషయా గ్రంథపు చుట్టలో కూడా భాగాల మధ్య ఖాళీలు ఉన్నవి గదా? విద్యార్థికి ఇక పాత వాక్యం చాలదు. ప్రాచీన ప్రతులలోని ఖాళీలు వేరు, 1611 నాటి అచ్చు గుర్తులు వేరు అని విడదీయాలి. మొదటివాటిని ఆనాటి పాఠకులు ఆ భాగాన్ని ఎలా అర్థం చేసుకున్నారో తెలిపే సాక్ష్యంగా ఒప్పుకోవాలి, రెండవవాటిని పక్కన పెట్టాలి. ప్రతిజ్ఞ కూడా కొంత తగ్గి, ఇంగ్లీషు ప్రతిలోని గుర్తుల వరకే పరిమితమై, అందువల్లనే మరింత నిలకడగా మారుతుంది. ఇది అలంకారం కోసం చేర్చిన వాక్యం కాదు; పరిశోధన జరిగింది ఆ వాక్యంలోనే. మనలో చాలామంది సిద్ధాంత వ్యాసాలు ఒప్పుకొనేవారిని మాత్రమే ఒప్పించడానికి కారణం ఈ అడ్డుప్రశ్న లేకపోవడమే.

చట్రాన్ని మాన్పించమని నా సూచన కాదు. అయితే 1974లో రిచర్డ్ బ్రాడక్ అమెరికా పత్రికలలోని 25 వ్యాసాలను పరిశీలించి, వివరణాత్మక పేరాలలో సుమారు 13 శాతం మాత్రమే ప్రధాన వాక్యంతో మొదలవుతాయని తేల్చిన సంగతి అధ్యాపకులు గుర్తుంచుకోవాలి. అనుభవజ్ఞులు చేయని పనిని నియమంగా నేర్పుతున్నామంటే, అది నేర్చుకొనేవాని కోసమేనని విద్యార్థికి ముందే చెప్పాలి. మొదటి సంవత్సరంలో పంచావయవాలతో, మన భాషలోని పేర్లతోనే, వారానికొక పేరా వ్రాయించవచ్చు. రెండవ సంవత్సరంలో పేరాలను విద్యార్థులు ఒకరివి ఒకరు మార్చుకొని, చదువుతూ ఆగిపోయిన చోట అంచున ఒక గీత గీసి తమ ప్రశ్న వ్రాయాలి. ఆ ప్రశ్నకు జవాబు పేరాలోకి చేరిన తర్వాతనే దానిని అధ్యాపకుని చేతికి ఇవ్వాలి.