‘రిజర్వేషన్ ఉంది’ అంటే సీటు ఉన్నట్టేనా?

మచిలీపట్నం స్టేషన్‌లోనైనా, గుడివాడ బస్టాండ్‌లోనైనా అందరి నోటా నలిగే ఇంగ్లిష్ మాట ‘రిజర్వేషన్’. చదువుకోని నానీమా కూడా "బేటా, రిజర్వేషన్ అయిందా?" అనే అడుగుతుంది. అయితే ఈ ఒక్క మాట మన ఇళ్లలో రెండు పనులు చేస్తోంది. రైలు బెర్తుకూ అదే, కౌన్సెలింగ్‌లో కోటాకూ అదే. ఇంగ్లిష్‌లో దానికి మూడో అర్థం కూడా ఉంది. దుబాయ్‌లోనో హైదరాబాద్‌లోనో ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రాళ్లు తడబడేది ఈ మూడో దాని దగ్గరే.

హోటల్ కౌంటర్‌లో "ఐ హావ్ ఎ రిజర్వేషన్" అంటే గది ముందే తీసుకున్నానని అర్థం. మధ్యలో ఉన్న ఆ చిన్న ‘ఎ’ని మనవాళ్లు మింగేస్తారు. మింగేసినా ఎదుటివాళ్లు అర్థం చేసుకుంటారు, పెద్ద నష్టం లేదు. చివర ‘స్’ చేర్చి "ఐ హావ్ రిజర్వేషన్స్" అంటే మాత్రం కథ మారిపోతుంది. నాకు అభ్యంతరాలున్నాయి, మనసు పూర్తిగా ఒప్పుకోవడం లేదు అని దాని అర్థం. కంపెనీ వాళ్లు జాయినింగ్ తేదీ చెబితే, ఆ రోజుకు టికెట్ ఉందని చెప్పబోయి "ఐ హావ్ రిజర్వేషన్స్ అబౌట్ దట్ డేట్" అని మెయిల్ రాస్తే, ఇతనికి ఆ తేదీ ఇష్టం లేదనుకుంటారు. "మై టికెట్ ఈజ్ బుక్‌డ్ ఫర్ దట్ డేట్" అంటే ఏ గొడవా ఉండదు.

కోటా సంగతీ అంతే. "ఐ హావ్ రిజర్వేషన్" అని మన దేశంలో అంటే చెల్లుతుంది కానీ బయటి దేశంలో ఎవరికీ తెలియదు. "ఐ బిలాంగ్ టు ద బీసీ-ఈ కేటగిరీ" అన్నది సరైన వాక్యం. బీసీ-ఈ అంటే మన రాష్ట్రంలో 2007 చట్టం ప్రకారం 14 ముస్లిం వర్గాలకు ఇచ్చిన 4 శాతం కోటా. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్ని కొట్టేసింది, మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగుతూ వచ్చింది. ముస్లింలందరూ ఇందులోకి రారు. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలను చట్టమే బయట ఉంచింది. దూదేకుల వాళ్లు బీసీ-బీలో ఉన్నారు. కాబట్టి "ముస్లిం కాబట్టి రిజర్వేషన్ ఉంది" అని ఫారంలో టిక్ పెట్టేసే ముందు సర్టిఫికెట్‌లో ఏం రాసి ఉందో చూసుకోవాలి.

ఇక మామూలు సంభాషణకు వద్దాం. బస్సులో ముందు ఎక్కే చెల్లెలికి "నాకూ ఒక సీటు ఆపు" అని చెబుతాం. దీన్ని ఇంగ్లిష్‌లో "సేవ్ మీ ఎ సీట్" అంటారు. "కీప్ ఎ సీట్ ఫర్ మీ" అన్నా అదే. "సేవ్ మై సీట్" అంటే కొంచెం తేడా. నాకు సీటు ఇప్పటికే ఉంది, వాటర్ బాటిల్ కొనుక్కొచ్చేలోపు ఎవరినీ కూర్చోనివ్వకు అని. "బుక్ మీ ఎ సీట్" అంటే డబ్బు కట్టి టికెట్ తీసి పెట్టమని. చేతిరుమాలు వేసి పట్టిన సీటుకు ‘బుక్’ అనే మాట అతకదు, అక్కడ ఎవరూ డబ్బు కట్టలేదు కదా.

మరో చిక్కు ప్రశ్న "ఈజ్ దిస్ సీట్ టేకెన్?" మర్యాద కొద్దీ మనవాళ్లు "యెస్ యెస్, ప్లీజ్" అంటారు, అడిగినవాడు నిలబడే ఉంటాడు. ఈ ప్రశ్నకు ‘యెస్’ అంటే ఎవరో ఉన్నారని, ‘నో’ అంటే కూర్చోవచ్చని. తెలుగులో "ఇక్కడెవరైనా ఉన్నారా?" అంటే "లేరు, కూర్చోండి" అనమా? అచ్చం అదే లెక్క.

రుమాలుకు హక్కు ఉందా అంటే, పల్లెవెలుగు బస్సులో అది అలవాటే తప్ప రూలు కాదు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మన ఆడవాళ్లకు ఇస్తున్న జీరో ఫేర్ టికెట్ కూడా ప్రయాణానికే, ఫలానా సీటుకు కాదు. రైలు జనరల్ బోగీలోనూ రుమాలుకు విలువ లేదు. 1989 రైల్వే చట్టం 155వ సెక్షన్ రెండు వైపులా కోస్తుంది. తన పేరున లేని రిజర్వుడ్ బెర్తులో కూర్చున్నవాడిని లేపి జరిమానా వేయొచ్చు. రిజర్వ్ కాని బోగీలోకి వచ్చేవాడిని అడ్డుకున్నా జరిమానాయే.

జుమా రోజు మొదటి సఫ్‌లో జానిమాజ్ పరిచి ఇంటికెళ్లి తీరిగ్గా వచ్చే అలవాటునూ చాలామంది ఉలమా తప్పు పడతారు. కూర్చున్నవాడిని లేపి ఆ చోట కూర్చోకూడదని హదీసుల్లో ఉంది. కూర్చుని ఉన్న మనిషి వుజూ కోసమో మరే పని మీదో లేచి తిరిగొస్తే, ఆ చోటు మీద అతనికే ఎక్కువ హక్కు అనీ ఉంది. ‘సేవ్ మై సీట్’కూ ‘సేవ్ మీ ఎ సీట్’కూ మధ్య తేడా దాదాపు ఇదే.

రైల్లో అసలు నష్టం జరిగేది ‘కన్ఫర్మ్’ అనే మాటతో. టికెట్ చేతికొచ్చింది కాబట్టి కన్ఫర్మ్ అనుకుంటారు చాలామంది. స్టేటస్‌లో సీఎన్ఎఫ్ అని ఉండి బోగీ, బెర్తు నంబర్ వస్తేనే కన్ఫర్మ్. ఆర్ఏసీ అంటే ఎక్కొచ్చు, కూర్చోవచ్చు. స్లీపర్‌లో ఒక సైడ్ లోయర్ బెర్తును ఇద్దరు పంచుకోవాలి, ఎవరైనా రద్దు చేసుకుంటే పడుకునే చోటు దొరుకుతుంది. వెయిటింగ్ లిస్ట్ టికెట్ రిజర్వుడ్ బోగీ ఎక్కే హక్కు ఇవ్వదు. ఆన్‌లైన్‌లో తీసింది చార్ట్ తర్వాత కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే మిగిలితే దానంతట అదే రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది. 2024 నవంబర్ 1 నుంచి 60 రోజుల ముందే బుకింగ్ తెరుస్తున్నారు, అంతకుముందు 120 రోజులు ఉండేది. ఈద్‌కు ఊరికి రావాలనుకునేవాళ్లు పాత లెక్కలో ఉండొద్దు.

మన శ్రీకాకుళం వాళ్లకు మరో మెలిక ఉంది. ఘంటసాల మండలం శ్రీకాకుళంలో రైలు స్టేషన్ లేదు. యాప్‌లో శ్రీకాకుళం అని కొడితే వచ్చేది శ్రీకాకుళం రోడ్, కోడ్ సీహెచ్ఈ. అది ఉత్తరాంధ్రలో ఆమదాలవలస దగ్గర ఉంది, విశాఖ కూడా దాటి పోవాలి. పెళ్లికి వచ్చే బంధువులకు టికెట్ తీసేటప్పుడు మచిలీపట్నం అయితే ఎంటీఎం, గుడివాడ అయితే జీడీవీ అని చూసి నొక్కాలి.

హజ్ విషయంలో మాటల తేడా ఇంకా బరువైనది. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవు నుంచి ఎర్రసముద్రం వైపు ఓడలు యాత్రికులనూ తీసుకెళ్లేవి. 2023లో గన్నవరం నుంచే హజ్ విమానాలు నడిచాయి. హజ్ కమిటీ ఖుర్రాలో పేరు వచ్చినవాళ్లను ‘ప్రొవిజనల్లీ సెలెక్టెడ్’ అంటారు, అంటే తాత్కాలికంగా ఎంపికయ్యారని. చెప్పిన గడువులో డబ్బు, కాగితాలు ఇవ్వకపోతే ఆ చోటు వెయిటింగ్ లిస్ట్‌లోని తర్వాతి వాళ్లకు పోతుంది. వీధిలో అందరికీ ముబారక్‌లు చెప్పించుకున్నాక గడువు దాటిపోతే ఆ ఇంటి బాధ చెప్పనలవి కాదు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లోనూ ఇదే తీరు. ‘సీటు అలాటెడ్’ అని మెసేజ్ వస్తే అడ్మిషన్ అయిపోయినట్టు కాదు. ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి, కాలేజీకి వెళ్లి రిపోర్ట్ చేయకపోతే సీటు రద్దవుతుంది.

ఉమ్రా, గల్ఫ్ ప్రయాణాలకు డబ్బు కట్టేవాళ్లకు ‘రిజర్వేషన్’, ‘టికెట్’ వేరువేరని తెలిసి ఉండాలి. ఏజెంట్ ఆరు అక్షరాల పీఎన్ఆర్ ఇచ్చాడంటే సీటు పట్టి ఉంచాడని మాత్రమే. దాన్ని ‘హోల్డ్’ అంటారు, గడువులో డబ్బు కట్టకపోతే ఎయిర్‌లైన్ దాన్ని తీసేస్తుంది. డబ్బు కట్టి టికెట్ ఇస్తే 13 అంకెల ఈ-టికెట్ నంబర్ ఉంటుంది. "ఇన్షా అల్లాహ్ కన్ఫర్మే భాయ్" అని ఏజెంట్ అన్నప్పుడు "ఈజ్ ద టికెట్ ఇష్యూడ్?" అని అడగాలి, తెలుగులో అడిగినా సరే. నంబర్ ఇస్తే ఎయిర్‌లైన్ సొంత సైట్‌లోనో, వాళ్ల ఫోన్ లైన్‌లోనో సరిచూసుకుని, మిగతా డబ్బు ఆ తర్వాతే ఇవ్వాలి.