ఇరవయ్యో మనిషి

మా పెదనాన్న విజయవాడలో ఒక హోటల్లో 26 ఏళ్లు సప్లయరుగా చేశాడు. పొద్దున్నే నాలుగున్నరకి ఇడ్లీ పాత్రల ఆవిరితో మొదలైన రోజు రాత్రి పదిన్నరకి బల్లలు కడగడంతో ముగిసేది. మధ్యాహ్నం మూడింటికి, జనం పల్చబడ్డాక, స్టాఫంతా భోజనానికి కూర్చునేవాళ్లట. పంక్తిలో 27 విస్తళ్లు. హాజరు పట్టీలో మాత్రం ఎప్పుడు చూసినా 19 పేర్లే. ఓనరుకి లెక్క రాక కాదు. ఇరవయ్యో పేరు రాసిన రోజున ప్రావిడెంట్ ఫండ్ చట్టం గల్లాపెట్టె దాకా నడిచొస్తుందని బాగా తెలిసే. ఆ హోటలు అమ్మేసినప్పుడు పెదనాన్న చేతికొచ్చింది మూడు నెలల జీతం, ఒక పంచెల చాపు.

ఈ లెక్క నాకు చాలా ఏళ్ల తర్వాత తిరువనంతపురంలో గుర్తొచ్చింది. తంపానూరు బస్టాండు దగ్గర ఇండియన్ కాఫీ హౌస్ ఉంది. లారీ బేకర్ కట్టిన భవనం. ఇటుకల గోపురంలా గుండ్రంగా ఉంటుంది. లోపల మెట్లుండవు, పైకి తిరుగుతూ పోయే వాలు దారి, దాని వెంబడే బల్లలు. మసాలా దోశ విప్పితే బీట్‌రూట్ ఎర్రగా బయటపడుతుంది (మొదటిసారి భయపడతాం, రెండోసారి అదే కావాలంటాం). తెల్ల బట్టలు, నెత్తిన విసనకర్రలా విచ్చుకున్న తలపాగాతో వడ్డిస్తున్నాయన్ని, వచ్చీ రాని హిందీలో, "దీని ఓనరెవరు?" అని అడిగాను. "మేమే," అన్నాడు, వడ ఎంత అంటే ధర చెప్పినట్టు. ఇంకా తొమ్మిదేళ్లు సర్వీసుందని, ఆ తర్వాత గ్రాట్యుటీ వస్తుందని కూడా చెప్పాడు. సర్వీసు, గ్రాట్యుటీ. హోటల్లో పనిచేసే మనిషి నోట ఆ మాటలు వినడం నాకదే మొదలు.

అది అక్కడిదాకా వచ్చిన దారి కాస్త వంకరగా ఉంటుంది. మొదట్లో ఈ కాఫీ హౌసులు కార్మికుల కోసమూ కాదు, తాగేవాళ్ల కోసమూ కాదు. తోటల యజమానుల కోసం. 1930లలో ప్రపంచమంతా మాంద్యం, కాఫీకి ధర లేదు. 1935లో కాఫీ సెస్ చట్టం తెచ్చి, ఆ డబ్బుతో దేశంలోనే కాఫీ అలవాటు పెంచాలని ఒక కమిటీ వేశారు. 1936లో బొంబాయి చర్చ్‌గేట్‌లో మొదటి ఇండియా కాఫీ హౌస్ అలా తెరిచారు. ఒక రకంగా అది బల్లలూ కుర్చీలూ వేసిన అడ్వర్టయిజ్‌మెంటు. తర్వాత యుద్ధమొచ్చి యూరప్ మార్కెట్లు మూతబడ్డాయి. 1942 చట్టంతో తోటల్లో పండిన కాఫీ అంతా బోర్డు పూల్‌లోకి పోయడం తప్పనిసరైంది. అమ్ముకునే పూచీ బోర్డుది. 1940లలో దేశంలో 50 దాకా కాఫీ హౌసులు ఉండేవి. వ్యాపారానికి సర్కారు ఊతం అని ఇవాళ మనం అనేది ఇదే. కాకపోతే ఊతం తోటకి. కప్పులు మోసేవాళ్లకి దొరికిన నికరమైన జీతం, యూనిఫాం, దాని పక్కనుంచి జారిపడిన మేలు.

అందుకే తోటలకి అవసరం తీరాక, ఆ మేలూ పోయింది. 1950ల మధ్యకొచ్చేసరికి కాఫీ తాగడం అలవాటైపోయింది, ఇక ప్రచారమెందుకని బోర్డు ఒక్కొక్క కాఫీ హౌసూ మూసేయడం మొదలుపెట్టింది. వీధిన పడ్డవాళ్లకి దన్నుగా నిలబడినవాడు ఏకే గోపాలన్. కమ్యూనిస్టు నాయకుడు, 1952 నుంచీ లోక్‌సభ సభ్యుడు. యూనియన్లు మామూలుగా అడిగేది ఉద్యోగాలు తిరిగివ్వమని. ఆయన ఇచ్చిన సలహా వేరు: ఉద్యోగం అడక్కండి, కొట్టునే తీసుకోండి, సహకార సంఘాలు పెట్టి మీరే నడపండి.

చెప్పినంత తేలిక కాదు. సమ్మె నడపడం వచ్చినవాళ్లకి పాల బిల్లు కట్టడం రావాలని లేదు. నిన్నటిదాకా బోర్డు మీద కేకలేసినవాళ్లే రేపట్నుంచి పంచదార ఎంత పోయాలో, ఎవరు ఆలస్యంగా వచ్చారో చూసుకోవాలి. అయినా 1957 ఆగస్టు 19న బెంగళూరులో మొదటి సంఘం పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 27న ఢిల్లీలో మొదటి ఇండియన్ కాఫీ హౌస్ తెరిచారు. పేరులో 'ఇండియా' కాస్తా 'ఇండియన్' అయింది. 1958 మార్చిలో త్రిశ్శూరు, ఆగస్టులో తలశ్శేరి. కలకత్తా కాలేజీ స్ట్రీట్‌లో 1958లో మూతపడిన కాఫీ హౌస్‌ని, ప్రెసిడెన్సీ కాలేజీ, యూనివర్సిటీ అధ్యాపకులు పట్టుబట్టడంతో ఆ ఏడాదే మళ్లీ తెరిచారు. కాలేజీ స్ట్రీట్ అనగానే మనకి సత్యజిత్ రాయ్, మన్నాడే పాట గుర్తొస్తాయి. ఆ పాటలో బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లకి తలా ఒక పేరుంది. కాఫీ తెచ్చినవాడికి లేదు. అందుకే త్రిశ్శూరు సంఘాన్ని నిలబెట్టినవాళ్లలో ఒకరైన ఎన్.ఎస్. పరమేశ్వరన్ పిళ్లై మలయాళంలో కాఫీ హౌస్ కథ రాయడం నాకు పెద్ద విషయంగా కనిపిస్తుంది. ఆయన బోర్డు ఉద్యోగం పోయినవాళ్లలో ఒకడు. బల్లకి అవతలి వైపు నుంచి రాసిన కాఫీ చరిత్రలు మనకి వేళ్ల మీద లెక్కపెట్టేన్నే.

అదే 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో ఒక హోటలు ముందు పెరియార్ మనుషులు పికెటింగ్ చేస్తున్నారు, బోర్డు మీద 'బ్రాహ్మణ' అన్న మాట తీసేయమని. మన కోస్తా ఊళ్లలోనూ ఆ బోర్డులుండేవి. హోటలంటే అప్పట్లో వండేవాడి కులం, వడ్డించేవాడి కులం, లోపల కూర్చోదగ్గవాడి కులం. ఎవరు వచ్చినా కూర్చోబెట్టి, పని చేసేవాళ్లే యజమానులుగా నడిచిన చోటు ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. అంతా బాగుందనీ కాదు. ఆ తలపాగాల కింద దశాబ్దాల పాటు ఉన్నవాళ్లంతా మగవాళ్లే. సమానత్వం గురించి అన్ని మీటింగులు జరిగిన బల్లల దగ్గర, ట్రే ఒక్క ఆడమనిషి చేతికైనా ఇవ్వచ్చు కదా అని ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు మళ్లీ ఆ 19 పేర్ల దగ్గరికి.

స్వతంత్రం వచ్చాక చట్టాలు రాసినవాళ్ల కళ్ల ముందు పని అంటే మగ్గం, కొలిమి, యంత్రం. ఈఎస్ఐ చట్టం 1948లో వచ్చింది, 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీల్లో మొదలైంది. 1952 నాటి ప్రావిడెంట్ ఫండ్ చట్టం ముందు ఆరు పరిశ్రమలకే: సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు, ఇనుము ఉక్కు, కాగితం, బట్టల మిల్లులు. హోటళ్లు ఆ జాబితాలోకి తర్వాతెప్పుడో వచ్చాయి. మొదట 50 మంది ఉంటేనే వర్తించేది. 1960లో ఆ అంకెని 20కి దించారు. మా పెదనాన్న జాతకం రాసిన అంకె అదే.

వంటని పనిగా ఒప్పించడానికి కోర్టులు కావాల్సొచ్చింది. హోటలు వంటగదిలో జరిగేది 'తయారీ ప్రక్రియే' అని, కాబట్టి ఈఎస్ఐ చట్టం కింద అది ఫ్యాక్టరీ అవుతుందని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికి ఉన్న లెక్క ప్రకారం కరెంటు వాడితే 10 మంది, వాడకపోతే 20 మంది ఉంటే ఫ్యాక్టరీ. అంటే రుబ్బురోలు తీసేసి గ్రైండరు పెట్టిన రోజున, పప్పు రుబ్బడం పరిశ్రమ అయింది. అంతకుముందు 1976లో జైపూరు రాంబాగ్ ప్యాలెస్ హోటలు కేసులో ఇంకో సంగతి తేలింది: టిప్పులు జీతంలో భాగం కావు. ఓనరు టిప్పు చూపించి జీతం కోయడానికి లేదు, మంచిదే. కానీ సప్లయరు సంపాదనలో టిప్పు వాటా ఎంత పెద్దదైనా, అతని ఫండు లెక్కలోకి అది రాదు కూడా.

ఓనర్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. ఈ చట్టాల్లోకి ఒకసారి వెళ్లిన సంస్థ, మనుషులు తగ్గినా బయటికి రాలేదు. పెళ్లిళ్ల సీజన్‌కి నలుగురిని ఎక్కువ పెట్టుకున్న పాపానికి, ఆషాఢంలో గిరాకీ లేకపోయినా ఫండు కడుతూనే ఉండాలి. ఇప్పుడు పీఎఫ్‌కి ఓనరు వాటా 12 శాతం, ఈఎస్ఐకి మూడుంపావు. అద్దె, గ్యాసు, ఉల్లిపాయల ధరలతో బతికే చిన్న హోటలుకి ఇవి తేలికైన అంకెలు కావు. అంచుని 20 దగ్గరో 10 దగ్గరో గీసి, దాటినవాడి మీద ఒక్కసారిగా బరువేస్తే, అంచుకి ఇవతలే ఆగుతాడు. చిన్నవాడికి తేలిగ్గా ఉండాలని గీసిన గీతే వాణ్ని చిన్నవాడిగా కనిపించేలా చేసింది.

ఆ అంచు ఎంత పదునైందో 2020లో తెలిసింది. మార్చిలో లాక్‌డౌన్ పెట్టాక కేంద్రం ఒక సాయం ప్రకటించింది: 100 మంది లోపు ఉండి, వాళ్లలో 90 శాతం మంది జీతం 15,000 లోపు ఉన్న సంస్థలకి, పీఎఫ్‌లో రెండు వాటాలూ, మొత్తం 24 శాతం, ప్రభుత్వమే కడుతుందని. మార్చి నుంచి ఆగస్టు దాకా కట్టింది. ఈఎస్ఐలో పేరున్నవాళ్లకి, ఉద్యోగం పోతే సగం జీతం 90 రోజుల దాకా ఇచ్చే పథకమూ ఉంది. కొలతలు చూస్తే చిన్న హోటళ్ల కోసమే కుట్టినట్టుంటాయి. కానీ పట్టీలో పేరుండాలి. ఏళ్ల తరబడి 19 దగ్గర ఆగి డబ్బు మిగుల్చుకున్న ఓనరుకి ఆ సాయం రాలేదు, అతని దగ్గర పనిచేసిన 27 మందికీ రాలేదు.

కాఫీ హౌసులకీ కాలం కలిసిరాలేదు, అది వేరే కథ. ఢిల్లీ కన్నాట్ ప్లేస్‌లోనిది ఎమర్జెన్సీలో కూల్చేస్తే మోహన్‌సింగ్ ప్లేస్ పైకి చేరింది. బెంగళూరు ఎంజీ రోడ్డుది 2009లో ఆ చోటు ఖాళీ చేసి చర్చ్ స్ట్రీట్‌కి మారింది. కాఫీ పూల్ 1996లో ఎత్తేశారు. అదే ఏడాది బ్రిగేడ్ రోడ్డులో మొదటి కెఫే కాఫీ డే తెరిచారు. ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునే మనం అటే వెళ్లాం. కాఫీ హౌస్ మీద మన ఫిర్యాదులు మనకున్నాయి: ఆర్డరు ఆలస్యం, ప్లగ్ పాయింటు లేదు, కుర్చీలు పాతవి. నిజమే. పది రూపాయలు తక్కువకి కాఫీ ఇచ్చి, పనివాళ్లకి ఫండు కట్టి, ఏసీ కూడా పెట్టమంటే ఎక్కణ్ణుంచి వస్తుంది?

పెదనాన్న కొడుకు, మా అన్నయ్య, నిజాంపేటలో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాడు. దోశ మాస్టర్‌తో కలిపి తొమ్మిది మంది. రెండు గ్రైండర్లు. మొన్న దసరాకి వెళ్తే గిన్నెల దగ్గర ఒకావిడ కొత్తగా కనిపించింది. ఇరవయ్యో మనిషి సంగతి వాడికీ తెలుసు. పంచెల చాపు ఇంటికొచ్చిన రోజు వాడికి పదమూడేళ్లు. నేను అడక్కముందే తనే ఎత్తాడు.

"పదో మనిషిని రాయొద్దన్నాడ్రా ఆడిటరు. మూడు నెలలు చూసి రాద్దువులే అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"చూద్దాం అన్నా."

గిన్నెలు తోమే ఆవిడ సోమవారం నుంచీ వస్తోంది. పట్టీ కౌంటరు మీదే, క్యూఆర్ కోడ్ బోర్డు పక్కన ఉంది. తొమ్మిది పేర్ల కింద ఒక గీత ఖాళీగా వదిలేశాడు.