మూసిన షట్టరు, క్లోజ్డ్ సర్క్యూటు

మొన్న ఎండాకాలంలో మా కాక ఫోన్ చేసి "అరేయ్, నువ్వు కంప్యూటర్ ఇంజినీరువు గదా, ఖని షాపుకు కెమెరాలు పెట్టాలె, ఏవి కొనాలె?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ వాళ్ళందరికీ ఈ తిప్పలు తెలిసినవే. మనం రాసేది జావా అయినా, ప్రింటర్ బాగుచెయ్యడం కూడా వచ్చనే అనుకుంటారు!

గోదావరిఖని లక్ష్మీనగర్లో రెండు షట్టర్ల షాపు అది. సింగరేణిలో వీఆర్ఎస్ తీసుకున్నప్పుడు వచ్చిన పైసలతో కట్టాడు. చాలా ఏళ్ళు మోటార్ వైండింగ్ దుకాణం నడిచింది. కిరాయిదారు మంచిర్యాలకి మారిపోయాక ఏడాదిగా తాళమే. ఎవడో వెనక కిటికీ ఊచలు వంచి, మిగిలిన రాగి తీగతో పాటు గోడల్లో వైరింగు కూడా పీక్కుపోయాడు. ఖాళీ షాపుకి ఇంటర్నెట్ ఎవరు పెట్టిస్తారు చెప్పండి?

నేను తెలివిగా హైదరాబాద్‌లో ఒక వైఫై కెమెరా కొనుక్కుపోయాను. రికార్డింగంతా క్లౌడ్‌లోకే వెళ్ళే రకం. నా ఫోన్ హాట్‌స్పాట్‌తో బ్రహ్మాండంగా పనిచేసింది. ఫోనుతో నేను బస్సెక్కగానే గుడ్డిదైపోయింది. కాక ఒకటే అడిగాడు. "ఇంటర్నెట్ రాకముందు దునియాల కెమెరాలే లేకుండెనారా?"

సిగ్గేసింది. సీసీటీవీలో మొదటి రెండక్షరాలు 'క్లోజ్డ్ సర్క్యూట్'. బయటి ప్రపంచంతో సంబంధం లేకపోవడమే దాని పుట్టుక. 1942లో జర్మనీలోని పీనెముండెలో వీ-2 రాకెట్ల ప్రయోగాన్ని దూరం నుంచి చూడ్డానికి వాల్టర్ బ్రుఖ్ అనే ఇంజినీరు టీవీ కెమెరాలు బిగించాడు. అప్పటికి రికార్డింగ్ లేదు, ఎవరో ఒకరు తెర ముందు కూర్చోవాల్సిందే. 1956లో యాంపెక్స్ వాళ్ళ వీడియో టేప్ రికార్డర్ వచ్చింది. 1969లో బెల్ ల్యాబ్స్‌లో సీసీడీ పుట్టింది. కేంబ్రిడ్జి కంప్యూటర్ ల్యాబ్ వాళ్ళు కాఫీ పాత్ర నిండిందో లేదో చూసుకోడానికి 1991లో పెట్టుకున్న కెమెరా 1993లో వెబ్‌కెక్కింది. యాక్సిస్ కంపెనీ నెట్‌వర్క్ కెమెరా 1996లో వచ్చింది. అంటే యాభై ఏళ్ళ పాటు కెమెరాలు నెట్ లేకుండానే కాపలా కాశాయి. మనకి ఆ తర్వాతి కథే మొత్తం చరిత్రలా కనిపిస్తుంది, అంతే.

ఇక మా ఊరికి 'ఖాళీ' కొత్త మాట కాదు. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. రామగుండంలో బొగ్గుతో నడిచే ఎఫ్‌సీఐ ఎరువుల ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడింది. అక్కడ ఆర్ఎఫ్‌సీఎల్ పేరుతో గ్యాస్ ఫ్యాక్టరీ నడవడానికి 2021 దాకా పట్టింది. మస్టర్లు తగ్గితే షట్టర్లూ తగ్గుతాయి. కాక షాపు కథ కూడా ఇందులో భాగమే.

సరే, చివరికి ఏం పెట్టామంటే: రెండు 2 మెగాపిక్సెల్ హెచ్‌డీ అనలాగ్ కెమెరాలు, ఒక డీవీఆర్. షాపులో కరెంటు వైరింగే లేదు కాబట్టి డీవీఆర్‌ని కాక పాత దోస్తు, రిటైరైన ఓవర్‌మన్ సాబ్ మేడమీద పెట్టాం. అక్కణ్ణుంచి త్రీ ప్లస్ వన్ కేబుల్ లాగితే వీడియో, కరెంటు రెండూ దాంట్లోనే. దొంగ కెమెరా పగలగొట్టినా రికార్డింగ్ వాడి చేతికి దొరకదు. క్లౌడ్ చేసే అసలు పని ఇదే కదా!

లెక్క మనకి తెలిసిందే. ఒక్కో కెమెరాకి 2 ఎంబీపీఎస్ అనుకుంటే రోజుకి 21.6 జీబీ. రెండింటికి 43. 1 టీబీ డిస్కు దాదాపు 23 రోజులొస్తుంది. కాక ప్రతి ఆదివారం షాపు చూసొస్తాడు, కాబట్టి ఏడు రోజుల్లోపు దొంగతనం బయటపడుతుంది. 23 చాలు.

మరిచిపోయేది గడియారం. నెట్ లేకపోతే ఎన్‌టీపీ లేదు, డీవీఆర్ టైము మెల్లగా పక్కకి జరుగుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో నిలబడాలంటే హాష్ విలువతో సహా సర్టిఫికెట్ కావాలి. అన్నీ ఇచ్చి టైము మాత్రం తప్పుంటే ఎదుటి లాయరు వదుల్తాడా? కాకకి చెప్తే "గంతేనా? మేం సైరన్ కూతకు గడియారం కలుపుకున్నోళ్ళమే" అన్నాడు. ఇప్పుడు ఆదివారం డ్యూటీలో అదొకటి. బొగ్గు దుమ్ముకి లెన్సు తుడవడం, రాత్రి లైటుకి చేరే పురుగుల కోసం సాలీడు కట్టిన గూడు దులపడం మిగతావి.

కొసమెరుపు: మొన్న వెళ్ళినప్పుడు మూడు వారాల రికార్డింగ్ తిప్పి చూశాను. కుక్కలు, సాలీడు, ఆదివారం ఆదివారం తాళం లాగి చూసి కాసేపు ఊరికే నిలబడే కాక. ఇంకెవరూ లేరు. "కాకా, కిరాయి సగానికి తగ్గియ్. దుకాణంల మనిషుంటే అదే పెద్ద కెమెరా" అన్నాను. ఏడాదిగా వినని మనిషి, తెరమీద తనని తాను చూసుకుని "ఇయ్యరా, ఎవలకన్న ఇయ్యి" అన్నాడు. వచ్చే నెల నుంచి టిఫిన్ సెంటర్ వస్తోంది. వాళ్ళకి వైఫై కూడా కావాలట!