చికిత్సాత్మక గుర్రపు స్వారీ

చికిత్సాత్మక గుర్రపు స్వారీ (థెరప్యూటిక్ రైడింగ్) అనగా శారీరక లేదా మానసిక వైకల్యం గలవారికి వారి శక్తికి తగినట్లుగా గుర్రపు స్వారీ నేర్పి, తద్వారా శరీరపు పట్టు, ఏకాగ్రత, ఆత్మవిశ్వాసం పెంపొందించే పద్ధతి. సెరిబ్రల్ పాల్సీ, ఆటిజం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలు, పోలియో, పక్షవాతం, మెదడు గాయాల బారిన పడినవారు, యుద్ధాల నుండి తిరిగివచ్చిన సైనికులు ఇటువంటి కేంద్రాలకు వస్తుంటారు. బ్రిటన్, అమెరికా, కెనడా, ఐరోపా దేశాలలో ఈ కేంద్రాలు విరివిగా కలవు. వీటిలో అధిక భాగం జీతం లేని స్వచ్ఛంద సేవకుల శ్రమ మీదనే నడుస్తాయి. ఒక్క రౌతుకు ముగ్గురు సహాయకులు అవసరమయ్యే ఈ పనిని జీతాలిచ్చి నడపడం దాదాపు అసాధ్యం.

దీనిని హిప్పోథెరపీతో కలగలిపి చెప్పడం పరిపాటి, కానీ అవి రెండూ ఒకటి కావు. గ్రీకు భాషలో 'హిప్పోస్' అనగా గుర్రం. హిప్పోథెరపీలో ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు లేదా స్పీచ్ థెరపిస్టు గుర్రపు నడకను ఒక చికిత్సా సాధనంగా వాడుకుంటారు. అక్కడ రోగి స్వారీ నేర్చుకోనక్కరలేదు. చికిత్సాత్మక స్వారీలో మాత్రం శిక్షకుడు పాఠం చెబుతాడు, విద్యార్థి పగ్గాలు పట్టడం, గుర్రాన్ని ఆపడం, మలుపు తిప్పడం నేర్చుకుంటాడు.

చరిత్ర

ఈ పద్ధతికి లోకంలో గుర్తింపు తెచ్చిన వ్యక్తి డెన్మార్కు దేశస్థురాలు లిస్ హార్టెల్ (1921-2009). 1944లో, 23 సంవత్సరాల వయసులో, గర్భవతిగా ఉండగా ఆమెకు పోలియో సోకింది. ఆరోగ్యవంతమైన ఆడపిల్లను ప్రసవించినది గాని, ఆమె మోకాళ్ళ క్రింది భాగం చచ్చుబడిపోయింది. గుర్రం ఎక్కడానికి, దిగడానికి మరొకరి సాయం తప్పనిసరి అయినా ఆమె స్వారీ మానలేదు. 1952లో హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెస్సేజ్ పోటీలో మహిళలకు మొదటిసారి పురుషులతో సమానంగా ప్రవేశం లభించినపుడు, జూబిలీ అనే ఆడగుర్రంపై స్వారీ చేసి వెండి పతకం గెలుచుకున్నది. స్వర్ణ పతక విజేత, స్వీడన్ దేశస్థుడు హెన్రీ సెయింట్ సిర్ ఆమెకు వేదిక ఎక్కడానికి చేయూతనిచ్చాడు. 1956లో ఆమె మరల వెండి పతకం పొందింది. ఆ ఒలింపిక్స్ మెల్‌బోర్న్‌లో జరిగినా, ఆస్ట్రేలియా క్వారంటైన్ నిబంధనల కారణంగా గుర్రపు పోటీలు స్టాక్‌హోమ్‌లో నిర్వహించబడినవి.

హెల్సింకి విజయం తరువాత ఐరోపాలోని వైద్యులు, ఫిజియోథెరపిస్టులు ఈ విషయంపై దృష్టి పెట్టారు. బ్రిటన్‌లో 1964లో ఒక సలహా మండలి ఏర్పడి, 1969లో అది రైడింగ్ ఫర్ ది డిసేబుల్డ్ అసోసియేషన్‌గా మారింది. అదే సంవత్సరం అమెరికాలో నార్హా అనే సంస్థ ప్రారంభమైనది. 2011లో దాని పేరు పాత్ ఇంటర్నేషనల్‌గా మార్చబడింది. 1996 అట్లాంటా పారాలింపిక్స్ నుండి గుర్రపు స్వారీ పారాలింపిక్ క్రీడలలో ఒకటి.

గుర్రపు నడక

గుర్రం నడిచేటపుడు దాని వీపు ముందుకు వెనుకకు, పక్కలకు, పైకి క్రిందికి లయబద్ధంగా కదులుతుంది. ఈ కదలిక రౌతు కటి భాగానికి అందుతుంది. మనిషి తన కాళ్ళ మీద నడిచేటపుడు కటి ఎలా కదులుతుందో ఇదీ దాదాపు అలాగే ఉంటుంది. అందుచేత ఎన్నడూ నడవని పిల్లవాడి శరీరం కూడా గుర్రంపై కూర్చున్నపుడు నడక లయను చవిచూస్తుంది. ప్రతి అడుగుకూ వెన్ను, పొట్ట కండరాలు సమతూకం కొరకు పనిచేయవలసి వస్తుంది. గుర్రపు శరీర ఉష్ణోగ్రత మనిషి కంటె కొద్దిగా ఎక్కువ (సుమారు 38 డిగ్రీల సెల్సియస్). ఆ వెచ్చదనం, ఆ ఊపు కలిసి బిగుసుకున్న తొడ కండరాలు సడలడానికి తోడ్పడతాయని చెబుతారు. ఈ పనికి పరుగు అవసరం లేదు, మంచి నడక ఉంటే చాలు.

స్వచ్ఛంద సేవకుల శిక్షణ

కొత్తగా చేరేవారికి గుర్రాలతో పూర్వ పరిచయం ఉండనక్కరలేదు. అనేక కేంద్రాలలో 14 సంవత్సరాలు నిండినవారిని చేర్చుకుంటారు. అమెరికాలో హైస్కూలు విద్యార్థులు సేవా గంటల కొరకు వస్తుంటారు. మేరీలాండ్ రాష్ట్రంలో పాఠశాల చదువు పూర్తికావడానికి 75 గంటల సేవ తప్పనిసరి. ఉద్యోగ విరమణ చేసినవారి సంఖ్య కూడా తక్కువేమీ కాదు.

మొదటి పాఠం గుర్రపుశాలలో మొదలవుతుంది. గుర్రం స్వభావరీత్యా భయపడి పారిపోయే జంతువు. కళ్ళు తలకు ఇరుపక్కలా ఉన్నందున సుమారు 350 డిగ్రీల మేర చూడగలదు గాని, నుదుటికి సూటిగా ఎదురుగా కొద్ది స్థలం, తోక వెనుక భాగం దానికి కనబడవు. కాబట్టి మాట్లాడుతూ భుజం వైపు నుండి దగ్గరకు వెళ్ళాలి. తరువాత ఒళ్ళు శుభ్రం చేయడం: గొరపంతో గుండ్రంగా రుద్ది మట్టి రేపడం, గట్టి బ్రష్షుతో దులపడం, మెత్తని బ్రష్షుతో ముఖం తుడవడం, గిట్టలలోని రాళ్ళు, పేడ కొక్కెంతో తీయడం. గిట్ట నడుమ త్రికోణాకారంలో ఉండే మెత్తని భాగానికి కొక్కెం తగలకూడదు. జీను క్రింద చిన్న గడ్డిపరక మిగిలిపోయినా వీపు ఒరిసి, గుర్రం పాఠం మధ్యలో మొండికేయవచ్చును. అందువలన ఈ పని చాకిరీలా కనబడినా, పైన కూర్చునే పిల్లవాడి భద్రత ఇక్కడే మొదలవుతుంది.

పాఠం జరిగేటపుడు ఒకరు గుర్రాన్ని నడిపిస్తారు (లీడర్), ఇద్దరు పక్కన నడుస్తారు (సైడ్‌వాకర్లు). లీడర్ దృష్టి ఎల్లప్పుడూ గుర్రం మీద, ముందున్న దారి మీద ఉండాలి. తాడును చేతికి చుట్టుకోకూడదు, మడతలుగా పట్టుకోవాలి. గుర్రం హఠాత్తుగా లాగితే చుట్టుకున్న తాడు వేళ్ళను నలిపివేయగలదు. ప్రమాద సమయంలో ఎవరి పని ఏదో ముందే నిర్ణయమై ఉంటుంది: లీడర్ గుర్రాన్ని వదలడు, సైడ్‌వాకర్లు రౌతును వదలరు. రౌతును జీను పైనుండి దించవలసి వస్తే ఎలా దించాలో ఖాళీ సమయంలో సేవకులే ఒకరినొకరు దించుకుంటూ సాధన చేస్తారు.

సైడ్‌వాకర్ పని చూడడానికి సులువు, చేయడానికి కష్టం. మోచేతిని రౌతు తొడ మీదుగా చాపి జీను ముందు భాగాన్ని పట్టుకుని, ఇసుక నేలలో అరగంటకు పైగా నడవాలి. చేయి నొప్పి పుడితే ఊరకే వదలకూడదు. శిక్షకునికి చెప్పి, గుర్రాన్ని ఆపి, ఒకరి తరువాత ఒకరు పక్కలు మార్చుకోవాలి. కొత్తవారు తరచుగా చేసే తప్పు అతి సహాయం. పిల్లవాడు ఒక పక్కకు ఒరిగితే కంగారుగా లాగి సరిచేస్తారు. అయితే తనంతట తాను సర్దుకోవడమే అతనికి ఆనాటి పాఠం. మాట విషయంలోనూ ఇంతే. శిక్షకుడు "ఆపు" అని చెప్పమన్నపుడు, పిల్లవాడి నోటి నుండి ఆ మాట రావడానికి పది క్షణాలు పట్టవచ్చును. ఇద్దరు సైడ్‌వాకర్లూ చెరొక వైపు నుండి అందిస్తే అతడు ఎవరి మాట వినాలో తెలియక తికమకపడతాడు. గుర్రం కదలకుండా నిలబడి, ఇద్దరూ మౌనంగా వేచి ఉండి, చివరకు ఆ ఒక్క మాట వినబడడం ఈ కేంద్రాలలో చెప్పుకోదగిన విజయం. పాఠశాలలో పనిచేసినవారికి ఇది కొత్త సంగతి కాదు గాని, అక్కడ కూడా వేచి ఉండే ఓర్పు అందరికీ ఉండదు.

మైదానం చుట్టూ ఆంగ్ల అక్షరాల పలకలు ఉంటాయి. చదువు రానివారికి వాటి బదులు బొమ్మలు పెడతారు. రింగులు కొయ్యకు తగిలించడం, రంగుల కోన్‌ల చుట్టూ తిరగడం వంటి ఆటలలో చేతులు, చూపు, ఎడమ కుడి జ్ఞానం అన్నీ పనిచేస్తాయి. హెల్మెట్ తప్పనిసరి. పడిపోయినపుడు పాదం ఇరుక్కోకుండా తెరుచుకునే రికాబులను, పట్టు తక్కువ ఉన్నవారి కొరకు మెట్ల వలె అడ్డపట్టీలున్న పగ్గాలను వాడతారు.

గుర్రాలు

పోటీలలో పాల్గొని వయసు మీదపడిన నిదానమైన గుర్రాలను ఎక్కువగా ఎంచుకుంటారు. అయితే సాధుత్వం ఒక్కటే చాలదు. సమతూకం లేని బరువును, అకస్మాత్తు కేకలను, చక్రాల కుర్చీని, ర్యాంపును ఓర్చుకోవాలి. ఇది గుర్రానికి విసుగు పుట్టించే పని. చెవులు వెనక్కు వంచడం, తోక విదిలించడం, కడుపు పట్టీ బిగించేటపుడు కొరకబోవడం అలసటకో నొప్పికో గుర్తులు. వీటిని మొదట గమనించేది రోజూ ఒళ్ళు తోమే సేవకుడే. అతడు చెప్పగా శిక్షకుడు ఆ గుర్రాన్ని ఆ పూటకు పక్కన పెట్టడం మంచి కేంద్రానికి లక్షణం.

ఫలితాలు, పరిమితులు

2015లో అమెరికాలోని కొలరాడోలో, 6 నుండి 16 సంవత్సరాల వయసు గల ఆటిజం పిల్లలపై 10 వారాల పాటు జరిగిన పరిశోధన ఫలితాలు ప్రచురించబడినవి. పోలిక కొరకు తీసుకున్న పిల్లలు గుర్రంతో సంబంధం లేకుండా అదే కేంద్రంలో గుర్రాల గురించి నేర్చుకున్నారు. స్వారీ చేసినవారిలో చిరాకు, అతి చురుకుదనం ఎక్కువగా తగ్గినట్లు, పలికే మాటలు పెరిగినట్లు తేలింది. అయితే ఈ రంగంలోని అనేక పరిశోధనలు కొద్దిమందితో జరిగినవే. గుర్రం ఎక్కిన సంగతి ఎవరికీ తెలియకుండా దాచడం కుదరదు కనుక ఫలితాలను లెక్కగట్టడంలో చిక్కులున్నాయి. ఇది వ్యాధిని నయం చేస్తుందని చెప్పే ప్రకటనలను నమ్మరాదు.

అందరికీ ఇది తగినది కాదు కూడా. డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరిలో మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు తక్కువగా ఉంటుంది. అటువంటివారు గుర్రం ఎక్కితే వెన్నుపాముకు ప్రమాదం. మందులకు లొంగని మూర్ఛలు, మానని ఎముకల గాయాలు ఉన్నవారిని కూడా ఎక్కనివ్వరు. చేరే ముందు వైద్యుని అనుమతి పత్రం కోరతారు. స్వారీకి అనుమతి లభించని వారిలో కొందరు నేల మీదనే ఉండి గుర్రాన్ని దువ్వడం, నడిపించడం నేర్చుకుంటారు.