సూక్ష్మజీవి చేసిన సబ్బు

1946లో స్వీడన్‌లో బెర్గ్‌స్ట్రోమ్, థియొరెల్, డేవిడ్ అనే ముగ్గురు, పుండ్లలో చేరి పచ్చటి చీము పట్టించే ఒక బాక్టీరియా మీద పరిశోధన చేస్తున్నారు. ఇప్పుడు దాన్ని సూడోమోనాస్ ఎరుజినోసా అంటున్నాం. అది పెరిగిన ద్రవంలో కొవ్వులాంటి పదార్థం ఒకటి దొరికింది. క్షయ క్రిమిని అది అడ్డుకుంటోంది. పయోలిపిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. మందు మాత్రం కాలేకపోయింది. ఆ ముగ్గురిలో ఇద్దరికి తర్వాత నోబెల్ వచ్చిందిగానీ, దీనికి కాదు.

అది ఏమిటో మూడేళ్ల తర్వాత అమెరికాలో జార్విస్, జాన్సన్ తేల్చారు. ఒక కొసన రామ్నోజ్ అనే చక్కెర, రెండో కొసన కొవ్వు ఆమ్లాలు. అందుకే ఇప్పుడది రామ్నోలిపిడ్. చక్కెర కొసకు నీళ్లంటే ఇష్టం, కొవ్వు కొసకు నూనెంటే ఇష్టం. రెండూ ఒకే అణువులో ఉండటంతో అది నీటికీ నూనెకీ మధ్య నిలబడి, విడిపోయేవాటిని కలిపి ఉంచుతుంది. సబ్బు పనీ ఇదే. మనం తలంటుకునే కుంకుడుకాయలో నురుగు తెప్పించే సపోనిన్లదీ ఈ తీరే: ఒక పక్క చక్కెరలు, ఇంకో పక్క నూనె గుణం. కుంకుడు చెట్టుకు తెలిసిన విద్యే బాక్టీరియాకూ తెలుసన్నమాట.

బాక్టీరియాకు సబ్బుతో ఏం పని? 1971లో జపాన్‌లో హిసాత్సుకా బృందం ఆ సంగతి చూపించింది. పెట్రోలియంలో ఉండే జాతి హైడ్రోకార్బన్‌ను ఆహారంగా ఇచ్చినప్పుడు, రామ్నోలిపిడ్ తోడైతే ఈ బాక్టీరియా బాగా పెరిగింది. నూనె నీళ్లలో కరగదు కదా. నోరు లేని జీవి దాన్ని తినాలంటే ముందు సన్నటి బొట్లుగా చీల్చుకోవాలి.

ఈలోగా జపాన్‌లోనే ఇంకో కథ నడిచింది. 1968లో అరిమా, కాకినుమా, తమురా నెత్తురు గడ్డకట్టకుండా ఆపే పదార్థాన్ని బాసిల్లస్ సబ్టిలిస్ నుంచి స్ఫటికాలుగా తీశారు. అదే సర్ఫాక్టిన్: ఏడు అమైనో ఆమ్లాలకు ఒక కొవ్వు ఆమ్లం కలిసి ఉంగరంలా ముడిపడిన అణువు. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. లీటరుకు కొద్ది పదుల మిల్లీగ్రాములు వేస్తే చాలు, అది 27 దాకా పడిపోతుంది. అయితే ఇది ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది కాబట్టి నరంలోకి ఎక్కించే మందుగా పనికిరాదు. ఆ చెడ్డగుణమే తర్వాత ఇలాంటి బాక్టీరియా వేటకు పనికొచ్చింది. రక్తం కలిపిన ఆగర్ పళ్లెంలో బాక్టీరియాను పెంచితే, ఈ జాతి పదార్థం చేసే వాటి చుట్టూ ఎరుపు పోయి తేట వలయం కనిపిస్తుంది.

ఇంకో పరీక్ష చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. పళ్లెంలో నీళ్లు పోసి పైన ముడి చమురు పొర పరుస్తారు. బాక్టీరియా పెరిగిన ద్రవాన్ని ఒక్క చుక్క మధ్యలో వేస్తారు. సరుకున్నదైతే నల్లటి చమురు అన్ని వైపులకూ జరిగి, నడుమ అద్దంలాంటి నీళ్లు గుండ్రంగా బయటపడతాయి. వలయం ఎంత పెద్దదైతే సరుకు అంత ఎక్కువ.

ఇంత గుణమున్నది 50 ఏళ్ల దాకా డిటర్జెంట్లలోకి ఎందుకు రాలేదు? నన్నడిగితే మొదటి నేరం నురుగుదే. తొట్టెలో బాక్టీరియాకు ఊపిరాడాలంటే అడుగు నుంచి గాలి ఊదాలి. సబ్బు నీళ్లలోకి గాలి ఊదితే ఇంకేముంది, నురుగు పొంగి, బాక్టీరియాను కూడా వెంటబెట్టుకుని గొట్టాల్లోంచి తన్నుకొస్తుంది. నురుగు అణిచే మందు వేస్తే, చివర్లో దాన్ని వేరు చేయడం ఇంకో తలనొప్పి. 1981లో కూపర్, ఆయన సహచరులు ఎదురు తిరగడం మానేశారు. పొంగే నురుగును పొంగనిచ్చి బయట పట్టుకున్నారు. సర్ఫాక్టిన్ దాంతోనే వచ్చేసింది. ఇనుము, మాంగనీసు లవణాలు కలిపితే దిగుబడి ఇంకా పెరిగింది. అయినా లీటరుకు గ్రాము లోపే.

రామ్నోలిపిడ్‌కు వేరే చిక్కు: దాన్ని చేసేది రోగకారక క్రిమి. 1990లలో రామ్నోలిపిడ్ చేసే జన్యువులను తీసి, మనుషుల జోలికి అంతగా రాని సూడోమోనాస్ పుటిడాలో పెట్టి చూశారు. ఈ రెండు బాధలూ పెద్దగా లేనిది సోఫొరోలిపిడ్. 1961లో కెనడాలో గోరిన్, స్పెన్సర్, టలోక్ దాన్ని ఒక ఈస్ట్‌లో కనుగొన్నారు. ఇప్పుడు వాడుతున్న ఈస్ట్ బంబుల్‌బీ తేనెలో దొరికింది. చక్కెర, నూనె రెండూ పెడితే లీటరుకు వందల గ్రాములు తీసిన ప్రయోగాలున్నాయి. అందుకే డిటర్జెంట్లలోకి ముందు వచ్చింది కూడా ఇదే: జపాన్ కంపెనీ సరాయా 2001లో గిన్నెలు కడిగే యంత్రాల డిటర్జెంట్‌లో దీన్ని వాడింది.

2019లో రామ్నోలిపిడ్ కూడా గిన్నెలు కడిగే పనిలోకి దిగింది. యూనిలీవర్ చిలీ దేశంలో క్విక్స్ అనే గిన్నెల ద్రవంలో దాన్ని కలిపి అమ్మకానికి పెట్టింది. సరఫరా చేసిన జర్మన్ కంపెనీ ఎవోనిక్ ఆ తర్వాత స్లొవేకియాలోని స్లొవెన్‌స్కా లుప్చాలో దీనికోసమే పెద్ద కర్మాగారం కట్టి 2024లో నడపడం మొదలుపెట్టింది. అక్కడ బాక్టీరియాకు మేత యూరప్ మొక్కజొన్న చక్కెర. మామూలు డిటర్జెంట్లకు కావాల్సిన పామాయిలు, పెట్రోలియం దాని జాబితాలో లేవు.