దైవభీతి అంటే ఏమిటి? క్రైస్తవ ప్రార్థనలో భయభక్తులు, ఢిల్లీలో ఒక ఉదాహరణ

క్రైస్తవ విశ్వాసంలో దైవభీతి అంటే దేవుణ్ని తలచుకుని హడలిపోవడం కాదు. తాను ఎవరి సన్నిధిలో ఉన్నాడో ఎరిగి, ఆ ఎరుకకు తగినట్టు ప్రార్థించడం, నడుచుకోవడం. ఇంగ్లిషు బైబిళ్లలో ‘భయం’ అనే ఒక్క మాట ఉన్న చాలాచోట్ల తెలుగు బైబిలు ‘భయభక్తులు’ అనే జంటపదాన్ని వాడింది. పిల్లలకు భయం, భక్తి రెండూ ఉండాలని తెలుగిళ్లలో పెద్దలు అనే మాటే ఇది. భక్తి తోడులేని భయం మనిషిని దేవుడికి దూరం చేస్తుంది. భయం లేని భక్తి దేవుణ్ని తన పనులు చేసిపెట్టేవాడిగా చూస్తుంది. రెండూ కలిసినప్పుడే దాన్ని దైవభీతి అంటారు.

రామచంద్ర చూసిన దృశ్యం

దైవభీతి ఒక మనిషి ఆలోచనను ఎలా కదిలించగలదో ఢిల్లీ చరిత్రలో ఒక ఉదాహరణ ఉంది. మాస్టర్ రామచంద్ర 1821లో పానిపట్‌లో పుట్టారు. ఈ ఊరు నేటి జాతీయ రాజధాని ప్రాంతం పరిధిలోనే ఉంది. ఢిల్లీ కళాశాలలో ఆయన విజ్ఞాన శాస్త్రం, గణితం బోధించారు. గరిష్ఠ, కనిష్ఠ విలువల సమస్యలపై ఆయన రాసిన గణిత గ్రంథం 1850లో కలకత్తాలో వెలువడింది. లండన్ గణితవేత్త ఆగస్టస్ డి మోర్గాన్ దాన్ని మెచ్చుకుని, 1859లో తన ముందుమాటతో ఇంగ్లండులో తిరిగి అచ్చు వేయించారు. అందులో రామచంద్ర తన గురించి చెప్పుకున్న వివరాలు కూడా చేర్చారు.

చదువుకున్న ఇంగ్లిషువారికి నిజంగా దైవచింతన ఉండదని రామచంద్ర మొదట అనుకునేవారు. ఒకసారి కుతూహలం కొద్దీ ఢిల్లీలో ఇంగ్లిషువారి ఆరాధన చూడటానికి వెళ్లారు. వివేకవంతులని తాను గౌరవించే మనుషులే అక్కడ మోకరించి, శ్రద్ధగా ప్రార్థించడం కనిపించింది. తన అభిప్రాయం తప్పని ఆయనకు అప్పుడు తోచింది. ఆ తర్వాతే బైబిలు చదవడం మొదలుపెట్టారు. 1852లో కశ్మీరీ గేట్ వద్ద ఉన్న సెయింట్ జేమ్స్ చర్చిలో వైద్యుడు చిమన్‌లాల్‌తో కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. నగరంలో అది పెద్ద అలజడి రేపింది. 1857 తిరుగుబాటు మొదలైనప్పుడు చిమన్‌లాల్ హతుడయ్యారు. రామచంద్ర తప్పించుకుని బయటపడి, 1880 వరకు జీవించారు.

ఆయనను ముందుగా కదిలించింది వాదన కాదు, ప్రసంగం కాదు. తెలివి ఉన్నవాళ్లు మోకరించడం. జ్ఞానానికి మొదలు దైవభీతిలో ఉందని సామెతల గ్రంథం చెప్పే మాటకు ఇది దగ్గరగా ఉంది. అయితే ఇక్కడ ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఆ మోకరించినవారిలో పాలకవర్గం మనుషులు ఉన్నారు. ఆదివారం మోకాళ్లు వంచినంత మాత్రాన వారంలో మిగతా రోజుల్లో దైవభీతి ఉన్నట్టేనా? బైబిలు ఈ ప్రశ్నకు జవాబును ఆరాధన స్థలంలో కాక, బయట వెతుకుతుంది.

పరీక్ష బలహీనుడి దగ్గరే

చెవిటివాణ్ని తిట్టవద్దు, గుడ్డివాడి దారిలో అడ్డం పెట్టవద్దు అని చెప్పేచోట లేవీయకాండము దైవభీతిని గుర్తుచేస్తుంది. తిట్టింది ఎవరో చెవిటివాడికి వినపడదు. అడ్డం పెట్టింది ఎవరో గుడ్డివాడికి కనపడదు. దొరికిపోతామన్న భయం లేని చోట ఒక మనిషిని ఆపగలిగేది ఏమిటన్నదే అసలు సంగతి.

యూదయకు అధికారిగా ఉన్న నెహెమ్యా ఇందుకు మరో ఉదాహరణ. ఆయనకు ముందున్న అధికారులు ప్రజల నుంచి ఆహారం, ద్రాక్షారసం, వాటితోపాటు 40 తులాల వెండి వసూలు చేసేవారు. నెహెమ్యా 12 ఏళ్లపాటు తనకు రావలసిన భత్యం కూడా తీసుకోలేదు. దేవుని భయమే అందుకు కారణమని చెప్పుకున్నారు. మంత్రిత్వ శాఖలు, న్యాయస్థానాలు, పెద్ద కార్యాలయాలు ఉన్న ఢిల్లీలో సంతకం చేసే అధికారం ఉన్న విశ్వాసికి ఈ కథ పాతది కాదు.

దైవభీతి మనిషిని పిరికివాణ్ని చేయదని చెప్పడానికి షిఫ్రా, పూయా అనే మంత్రసానుల కథ చాలు. పుట్టిన మగబిడ్డలను చంపమని ఫరో ఆజ్ఞాపించాడు. వారు దేవుడికి భయపడ్డారు కనుక రాజుకు భయపడలేదు, బిడ్డలను బతకనిచ్చారు. పెద్ద భయం చిన్న భయాలను తొలగిస్తుంది.

దాసుడి భయం, బిడ్డ భయం

13వ శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్ ఈ భయాన్ని ప్రధానంగా రెండు రకాలుగా చూశారు. శిక్ష పడుతుందని దాసుడు పడేది ఒకటి. తండ్రి మనసు నొప్పిస్తానేమో, ఆయనకు దూరమవుతానేమో అని బిడ్డ పడేది రెండోది. మొదటిది ప్రేమ పెరిగేకొద్దీ తగ్గుతుంది. రెండోది ప్రేమతోపాటు పెరుగుతుంది. పరిపూర్ణమైన ప్రేమలో భయానికి చోటు లేదని యోహాను మొదటి పత్రిక చెప్పడానికీ, భయభక్తులతో దేవుణ్ని సేవించాలని హెబ్రీ పత్రిక చెప్పడానికీ వైరుధ్యం లేదని ఈ తేడా తెలిస్తే అర్థమవుతుంది.

కతోలికులు పవిత్రాత్మ ఇచ్చే ఏడు వరాల్లో దైవభీతిని ఒకటిగా లెక్కిస్తారు. 2014 జూన్ 11న పోప్ ఫ్రాన్సిస్ తన బోధలో దీన్ని వివరించారు. ఇది దేవుణ్ని చూసి జడుసుకోవడం కాదని చెబుతూనే, అవినీతిపరులకూ మనుషులను అమ్ముకునేవారికీ ఆయుధాలతో వ్యాపారం చేసేవారికీ ఇదొక హెచ్చరిక అన్నారు. లూథరన్ సంప్రదాయంలో మార్టిన్ లూథర్ 1529 నాటి చిన్న ప్రశ్నోత్తరిలో పది ఆజ్ఞల వివరణ అంతటా దేవునిపట్ల భయాన్నీ ప్రేమనూ జతగా ఉంచారు. 1842లో జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరు చేరడంతో మొదలైన మిషను ద్వారా లూథరన్ బోధ తెలుగు నేలకూ వచ్చింది.

ప్రార్థనలో దీన్ని ఎలా పెంచుకుంటారు?

క్రైస్తవ సంప్రదాయాలు చెప్పే మార్గాలు చాలావరకు ఒకటే. మొదటిది, అడగడానికి ముందు ఆగడం. దేవుని ముందు మాటలు కొద్దిగా ఉండాలని ప్రసంగి గ్రంథం చెబుతుంది. కోరికల జాబితాకు ముందు కొంతసేపు మౌనంగా ఉండటం ఈ హెచ్చరికను పాటించే ఒక తీరు.

రెండోది, సంబోధన. యేసు నేర్పిన ప్రార్థన దేవుణ్ని తండ్రీ అని పిలుస్తుంది, వెంటనే ఆయన నామం పరిశుద్ధమని ఒప్పుకుంటుంది. చనువు, గౌరవం ఒకే శ్వాసలో ఉంటాయి. రొట్టె అడగడం ఆ తర్వాతే.

మూడోది, ఒప్పుకోలు. లూకా సువార్తలో పరిసయ్యుడు తన సుగుణాలను దేవుడికి వివరిస్తాడు. సుంకరి తల ఎత్తలేక కనికరం కోరతాడు. నీతిమంతుడిగా ఇంటికి వెళ్లింది సుంకరే. ఇతరుల తప్పులతో పోల్చుకోకుండా, తాను చేసిన పనిని దాని పేరుతోనే చెప్పడం ఈ అభ్యాసం.

నాలుగోది, సరిదిద్దుకోవడం. పనిమనిషికి ఆపిన జీతం ఇవ్వడం, తప్పుడు లెక్కను మార్చడం, క్షమాపణ అడగడం ప్రార్థనకు కొనసాగింపే. అదే లూకా సువార్తలో జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని ముందుకొచ్చాడు.

భయపెట్టే బోధ

దైవభీతి పేరుతో మనుషుల భయాన్ని పెంచే ప్రమాదమూ ఉంది. కానుక ఇవ్వకపోతే శాపం తగులుతుందనీ, సేవకుణ్ని ప్రశ్నిస్తే కీడు జరుగుతుందనీ చెప్పే బోధ వినేవారి చూపును దేవుడి నుంచి బోధకుడి మీదికి తిప్పుతుంది. సొంత ఊరికి దూరంగా, రోగం, నిరుద్యోగం వంటి కష్టాల్లో ఉన్నవాళ్లు దానికి తేలిగ్గా లొంగుతారు. తేడా తెలుసుకోవడం కష్టమేమీ కాదు. నిజమైన దైవభీతి మొదట బోధించేవాడినే కట్టడి చేస్తుంది. అది బలవంతుణ్ని జాగ్రత్తపడేలా చేసి, బలహీనుడికి ధైర్యం ఇస్తుంది. బలవంతుడికి చనువు, బలహీనుడికి వణుకు మిగిల్చే భయం దైవభీతి కాదు.

సెయింట్ జేమ్స్ చర్చిలో ఇప్పటికీ ఆరాధన జరుగుతోంది. ఆ చర్చిని సొంత ఖర్చుతో కట్టించిన సైన్యాధికారి జేమ్స్ స్కిన్నర్ సమాధి లోపల బలిపీఠం ముందే ఉంది. ప్రభువు బల్లకు వచ్చేవారు ఆ చోటే మోకరిస్తారు. అక్కడ ఏ ఒక్కరి పదవికీ ఎత్తు లేదు.