ఎడమచేయి బాబ్, కుడిచేయి మైక్

టెన్నిస్‌లో డబుల్స్‌ది ఎప్పుడూ సవతి బిడ్డ బతుకే. పేరూ డబ్బూ ప్రకటనలూ అన్నీ సింగిల్స్ వాళ్లవే. ఆ చిన్నచూపు ఆటనే నమ్ముకుని అమెరికా కవలలు బాబ్, మైక్ బ్రయాన్ రెండు దశాబ్దాలకు పైగా నిలబడ్డారు. జోడీగా 119 టైటిళ్లు గెలిచారు. అందులో 16 గ్రాండ్‌స్లామ్‌లు.

1978 ఏప్రిల్ 29న పుట్టారు. మైక్ రెండు నిమిషాలు పెద్ద. కాలిఫోర్నియాలోని కామరిల్లోలో పెరిగారు. తల్లి క్యాథీ వింబుల్డన్ ఆడిన మనిషి, తండ్రి వేన్ కోచ్. ఇంట్లో ఓ కట్టుబాటు ఉండేది: టోర్నీల్లో అన్నదమ్ములు ఒకరిమీద ఒకరు ఆడకూడదు. ఎదురుపడాల్సి వస్తే ఈసారి ఒకడు, వచ్చేసారి ఇంకొకడు బరిలోంచి తప్పుకొనేవాడు. ఇద్దరిలో ఎవడు గొప్ప అన్న లెక్కను గడప దాటి రానివ్వలేదు ఆ తల్లిదండ్రులు. అన్ని టైటిళ్లకూ అసలు పునాది ఇదేనంటాను. 1998లో స్టాన్‌ఫర్డ్ తరఫున బాబ్ కాలేజీ సింగిల్స్, డబుల్స్, టీమ్ టైటిళ్లు మూడూ గెలిచాడు. అంతటివాడు సింగిల్స్‌లో 116వ ర్యాంకు దాకా వెళ్లి, అటు ఆశ వదిలేసి తమ్ముడిగానే మిగిలాడు.

కలిసివచ్చింది చేతివాటం. కుడిచేతి మైక్ కోర్టులో కుడి పక్క, ఎడమచేతి బాబ్ ఎడమ పక్క నిలబడేవారు. దాంతో రెండు అంచుల్లోనూ ఫోర్‌హ్యాండే. ఇక ఎండ సంగతి. ఎవరు ఏ చివర నుంచి సర్వీస్ చేయాలో జట్టే తేల్చుకోవచ్చు కాబట్టి, ఒకడి కళ్లలో సూర్యుడు పొడిచే చివర రెండోవాడికి అప్పజెబితే సరి. ఇద్దరూ కుడిచేతి వాళ్లయితే ఈ వెసులుబాటు ఎక్కడిది?

తొలి గ్రాండ్‌స్లామ్ 2003 ఫ్రెంచ్ ఓపెన్. అసలు జోరు మాత్రం 2012, 2013లదే. లండన్ ఒలింపిక్స్ స్వర్ణం, ఆ వెంటనే యూఎస్ ఓపెన్, మరుసటి ఏడాది మెల్‌బోర్న్, పారిస్, వింబుల్డన్. అన్నీ ఒకేసారి వాళ్ల చేతిలో! ఇంకొక్క యూఎస్ ఓపెన్ గెలిస్తే ఒకే క్యాలెండర్ ఏడాదిలో నాలుగూ అయిపోయేవి. 1951లో ఆస్ట్రేలియా జోడీ సెడ్జ్‌మన్, మెక్‌గ్రెగర్ తప్ప పురుషుల డబుల్స్‌లో ఆ పని చేసినవాళ్లు లేరు. సెమీస్‌లో అడ్డుపడింది మన లియాండర్ పేస్, రాడెక్ స్టెపానెక్. 2011 ఆస్ట్రేలియన్ ఫైనల్లో పేస్, భూపతిలను ఈ కవలలే ఓడించారు. ఆ బాకీ పేస్ అలా తీర్చుకున్నాడనుకోవాలి.

2018 మేలో బాబ్ తుంటి దెబ్బతింది, శస్త్రచికిత్స జరిగింది. ఆ ఏడాదే మైక్ జాక్ సాక్‌తో కలిసి వింబుల్డన్, యూఎస్ ఓపెన్ గెలిచి, నలభయ్యేళ్ల వయసులో నంబర్ వన్ అయ్యాడు. (అత్యంత పెద్ద వయసు నంబర్ వన్‌గా మైక్ రికార్డును 2024లో 43 ఏళ్లకు చెరిపేసింది రోహన్ బోపన్న.) వయసూ, తుంటీ చూసి చాలామంది బాబ్‌ను రిటైర్మెంట్ జాబితాలో వేసేశారు. అతనేమో 2019 జనవరిలో అన్న పక్కకే తిరిగొచ్చాడు. మార్చికల్లా ఇద్దరూ మయామి గెలిచారు. నా లెక్కలో 2013 కంటే ఈ టైటిల్‌దే ఎక్కువ బరువు.

2020 ఆగస్టులో రాకెట్లు పక్కన పెట్టారు. 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. జోడీగా 438 వారాలు నంబర్ వన్‌గా ఉన్నారు. వాళ్లకు ముందు టైటిళ్ల రికార్డు ఆస్ట్రేలియా జంట వుడ్‌బ్రిడ్జ్, వుడ్‌ఫోర్డ్‌ల పేరిట ఉండేది, 61తో. బ్రయాన్‌ల లెక్క దానికి దాదాపు రెట్టింపు.